ఎవరి కోసం వచ్చారండీ?

క్యోటో
మార్చి 4, 1997

అక్కా,

ఇక్కడ చలి ఇంకా పోనంటోంది. మధ్యాహ్నం కాస్త ఎండ మొహం చూపిస్తుంది, సాయంత్రానికి మళ్ళీ ఉన్ని మఫ్లరు వెతుక్కోవాలి. వకాసాలో సముద్రం పక్కన మీకు ఇంకా ఎక్కువగా ఉండి ఉంటుంది. నీ మోకాలు ఎలా ఉంది? మీ అత్తగారు కులాసాయేనా?

ఈ నెల మా హాలు కరపత్రం ఇందులో పెడుతున్నాను. ఎప్పటిలాగే రాసిందీ నేనే, బొమ్మలు వేసిందీ నేనే, తలుపు దగ్గర టికెట్లు చింపబోయేదీ నేనే. పై వారం హంగేరీ సినిమా ఒకటి వస్తోంది, 'పడవవాడి ఆదివారం'. దాని గురించి నాకు తెలిసిందల్లా పంపినవాళ్ళు రాసిన ఒక్క ముక్క: నది, పడవవాడు, మాటలు లేవు. కరపత్రంలోనూ అదే రాశాను. ఆ తర్వాత 'ఉప్పు స్టేషను'. అది ఏ దేశానిదో డబ్బా మీద కూడా సరిగ్గా లేదు.

ఇంకో సంగతి. చెప్పాలా వద్దా అని చాలా కాగితాలు పాడుచేశాను. మా సినిమా హాలు కింద, నేలమాళిగలో, కువబారా గారి పాటల గది ఉందని రాశాను కదా. సిగరెట్టు నోట్లోంచి తీయకుండానే మనిషిని నిలువునా తిట్టగల ఆవిడ. నేను పనిచేసిన వాద్యాల దుకాణం మూతపడ్డప్పుడు తెచ్చుకున్న పాత కాలి హార్మోనియాన్ని ఆవిడ మెట్ల కిందే పెట్టుకోనిచ్చింది. హాలు ఊడ్చాక నేను దాన్ని తొక్కుకుంటూ కూర్చోవడం ఎప్పుడు విన్నదో, మొన్న నన్ను ఆపేసింది.

"ఏప్రిల్లో రెండో గురువారం సాయంత్రం మొదట నువ్వు వాయించు. నీకంటూ వినేవాళ్ళుంటే ప్రతి నెలా కరపత్రంలో నీ పేరుంటుంది. లేకపోతే ఆ పెట్టె నా మెట్ల కింద నుంచి తీసెయ్యి" అంది.

యాభై ఏళ్ళొచ్చాయి నాకు. ఊళ్ళోవాళ్ళ వాద్యాలన్నీ బాగుచేసి, శ్రుతి సరిచూడడానికి వాయించానే తప్ప, ఒక మనిషి కూర్చుని వింటుండగా ఎన్నడూ వాయించలేదు. ఇది నాకు కావాలి అక్కా. ఈ వయసులో ఒకటి కావాలని చెప్పుకోవడం సిగ్గుగానే ఉంది గానీ, కావాలి.

నువ్వు మాత్రం రావద్దు. కొండ దాటి అంత దూరం రావలసినంత గొప్ప విషయమేమీ కాదు.

నీ తమ్ముడు,
సోహేయ్

*

వకాసా
మార్చి 15

తమ్ముడూ,

సముద్రం మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే, పొద్దున పడవల మోత వినిపిస్తుంది, పడవలు కనిపించవు. నా మోకాలు వాతావరణం కంటే ముందే అన్నీ చెప్పేస్తోంది. అత్తగారికేం, ఎనభై నాలుగేళ్ళకు కూడా నా కంటే ముందు లేచి, నా కంటే ఎక్కువ తిని, నేను చేసిన పులుసులో ఉప్పు గురించి నాలుగు మాటలు అని పడుకుంటారు.

నీ కరపత్రం రాగానే ఇక్కడ పని ఆగిపోతుంది తెలుసా? రంగుల కొట్లో నాతో పాటు చాప్‌స్టిక్‌లు మెరుగుపెట్టే ఆడవాళ్ళంతా "ఈసారేం సినిమాలు వదినా?" అని మూగుతారు. నువ్వు రాసే రెండు ముక్కలు చదివితే వాళ్ళు ఊరుకోరు. "ఆ తర్వాత?" అంటారు. చూడని సినిమాకు తర్వాతేమిటి? నేనే చెప్పాలి.

పడవవాడి కథ ఇలా చెప్పాను. ఒక ఆదివారం రేవులో మనుషులెవరూ లేరు. ఒక నిలువుటద్దం మాత్రం ఉంది, అవతలి ఒడ్డున పెళ్ళికూతురికి చేర్చాలి. అతను దాన్ని పడవలో నిలబెట్టి తెడ్డు వేస్తుంటాడు. దారిపొడుగునా అద్దంలో నది వెనక్కి నడుస్తుంటుంది, మబ్బులు, కొంగలు, చెట్లు. అవతల పెళ్ళికూతురు వచ్చి అద్దంలో చూసుకుంటే మొహం కనపడదు, నదే కనపడుతుంది. ఇంకా పారుతూనే ఉంటుంది. ఆమె పెళ్ళి మానేసి పడవెక్కుతుంది.

అంతవరకూ చెప్పేసరికి కాగితపు తలుపు అవతల అత్తగారు గట్టిగా దగ్గారు. పని మానేసి కబుర్లేమిటని అర్థం. కుక్కిన పేనులా నోరు మూసుకున్నాను. ఎప్పుడూ ఇంతే, కథ మంచి పట్టులో ఉండగా దగ్గుతారు.

ఫోను చెయ్యమంటావని తెలుసు. ఫోను ఉన్నది ఆవిడ గదిలో. అందులో మాట్లాడితే పులుసులో ఉప్పుతో పాటు దాని గురించీ వినాలి. ఉత్తరమే హాయి.

రావద్దన్నావుగా, సరేలే. రమ్మన్నా తీరిక ఎక్కడ? ఇంతకీ ఏం వాయిస్తావు?

నీ అక్క,
తొమిఎ

*

క్యోటో
ఏప్రిల్ 2

అక్కా,

నది ఒడ్డున చెర్రీలు పూసేశాయి. ఊరంతా చెట్ల కింద చాపలు పరుచుకుని కూర్చుంది. మా హాలుకు మాత్రం ఎవరూ రారు, పూలున్న వారం మాకు గడ్డు వారం.

నీ పడవవాడు ఎంత బాగున్నాడో! అసలువాడు రెండు గంటల సేపు పడవకు తారు పూశాడు. చివర్లో వాన వచ్చింది. వెనక వరసలో ప్రొఫెసరు గారు ఒకాయన "అద్భుతం" అని గొణిగి నిద్రపోయాడు. పెళ్ళికూతురెక్కడా లేదు. నేను మాత్రం ఆ నదిని చూస్తున్నంతసేపూ నీ అద్దం కోసమే వెతికాను.

కరపత్రంలో నా పేరు చూశావా? కింద, కుడి మూల. నా పేరు నేనే రాసుకోవలసి వచ్చింది, అందుకే అంత చిన్న అక్షరాలు. నా తర్వాత ఒక అమ్మాయి గిటారు, ఆ తర్వాత 'తడి గొడుగులు' అని నలుగురు కుర్రాళ్ళు. వాళ్ళలో ఒకడు వాళ్ళమ్మ స్వెట్టరు వేసుకుని పాడతాడు. జనం ఎగబడతారు.

ఏం వాయిస్తానో చెప్పను. చెబితే నవ్వుతావు.

మళ్ళీ చెబుతున్నా, నువ్వు శ్రమపడి రావద్దు. నిజంగా. ఆ రోజు వాన కూడా పడుతుందట.

సోహేయ్

*

క్యోటో
ఏప్రిల్ 12

అక్కా,

అయిపోయింది.

కువబారా గారి గదికి ఒక పద్ధతి ఉంది. నాకు తెలుసు గానీ నీకు రాయలేదు, రాస్తే నిన్ను రమ్మని అడిగినట్టుంటుందని. ఇక్కడి పాటల గదులన్నిటిలోనూ అంతే. తలుపు దగ్గర నాగిసా అనే పిల్ల కూర్చుంటుంది. లోపలికొచ్చే ప్రతి మనిషినీ "ఈ రోజు ఎవరి కోసం వచ్చారండీ?" అని అడుగుతుంది. ఎవరి పేరు చెబితే ఆ పేరు కింద గీత గీస్తుంది. గిటారు అమ్మాయికి ఉన్నాయి, తడి గొడుగులకైతే కాగితం చాల్లేదు. నా పేరు కింద ఒక్క గీత లేదు.

వాయించానా అంటే వాయించాను. దీపం కళ్ళల్లో పడుతోంది, ఎదురుగా అంతా నలుపు. వింటున్నారో లేదో తెలియలేదు. ఎవరో ముక్కు చీదుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. తర్వాత నాగిసా చెప్పింది, వెనక వరసలో ఒక ముసలావిడ కూర్చుందట, చేపల వాసన వేస్తోందట, జలుబనుకుంటా, రుమాలు మొహానికి అడ్డం పెట్టుకునే ఉందట. ఆవిడ కూడా తడి గొడుగుల కోసమే వచ్చిందట. వాళ్ళలో ఎవడి నాయనమ్మో.

కువబారా గారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఎవరికైనా చెప్పుకోవాలయ్యా, ఇంట్లోవాళ్ళకైనా" అని వెళ్ళిపోయింది.

నువ్వు రాలేదు. రావద్దన్నది నేనే. రెండుసార్లు అన్నాను. అయినా తలుపు తీసుకున్నప్పుడల్లా అటే చూశాను అక్కా. యాభై ఏళ్ళుగా నన్నెరిగినదానివి, నా 'వద్దు'కు అర్థమేమిటో నీకు తెలియదా?

ఈ నెలాఖరుకి హార్మోనియాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తున్నాను.

సోహేయ్

*

వకాసా
ఏప్రిల్ 20

తమ్ముడూ,

ఉత్తరం అందింది. చదివాను.

ముసలావిడ అని రాశావు. చీకట్లో ఎవరు చూశారు ఆవిడ వయసు? యాభై ఏడేళ్ళ మనిషి కూడా రుమాలు అడ్డం పెట్టుకుంటే ముసలావిడలాగే కనిపిస్తుంది. చేపల వాసన అంటావా, చేపల ఊళ్ళో పుట్టినవాడివి నువ్వే ముక్కు మూసుకుంటే ఎలా? జలుబే అయి ఉంటుందని ఎందుకనుకోవాలి?

హార్మోనియం ఎవరికీ ఇవ్వకు. తొందరపడకు. మిగతాది తర్వాత రాస్తాను.

'ఉప్పు స్టేషను' కథ ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. అడిగారు గానీ, మనసు లేకపోయింది.

తొమిఎ

*

క్యోటో
మే 1

అక్కా,

నేను అంత బాధపడి రాస్తే, ఎవరో ముక్కూమొహం తెలియని నాయనమ్మను వెనకేసుకొచ్చావు. నా గురించి ఒక్క ముక్క లేదు. బహుశా నీకు కూడా ఇది పిచ్చి వేషంలాగే అనిపించి ఉంటుంది. సరే.

మే కరపత్రం పెడుతున్నాను. కుడి మూల తడి గొడుగులకు ఇచ్చాం.

పాత సామాన్లవాడు ఊళ్ళో లేడు, పదిహేనో తేదీ తర్వాత వస్తాడట.

సోహేయ్

*

వకాసా
మే 9

ఒరేయ్ సోహేయ్,

కూర్చుని చదువు. నిలబడి చదివితే మధ్యలో చింపేస్తావు.

ఆ ముసలావిడను నేనే.

చేపల వ్యాన్ కమేజో ఉన్నాడు కదా, గురువారాలు తెల్లవారుజామున సరుకు దింపి, పగలంతా అక్కడే కూతురింట్లో ఉండి, రాత్రికి తిరిగొస్తాడు. అత్తగారితో మోకాలి డాక్టరు దగ్గరకని చెప్పి ఆ వ్యాన్ ఎక్కాను. కొండదారంతా ఉప్పు చేపల పెట్టెల పక్కన కూర్చున్నాను, వాసన రాక ఏమవుతుంది? పగలంతా నది ఒడ్డున కూర్చున్నాను. పూలు అప్పటికే రాలిపోతున్నాయి, నీళ్ళ మీద తెల్లగా చాప పరిచినట్టు పోతున్నాయి. ఆ ఊళ్ళో నువ్వెక్కడో ఉన్నావు, నేనొచ్చానని నీకు తెలియదు. చెప్పొద్దూ, ఎంత హాయిగా ఉందో. నేనే ఏదో సినిమాలో ఉన్నట్టనిపించింది. మాటలు లేని సినిమా.

నీ 'వద్దు' నాకు తెలియకపోవడమేమిట్రా? అది తెలిసే వచ్చాను. అయితే నువ్వు రావద్దన్నావు కాబట్టి, వచ్చినట్టు తెలియకుండా రావాలి. అదీ మర్యాద అనుకున్నాను.

మెట్లు దిగాను. ఆ పిల్ల చక్కగా నవ్వి, "ఎవరి కోసం వచ్చారండీ?" అంది. నీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. వెనక మనుషులు నిలబడి ఉన్నారు. పది మంది పరాయివాళ్ళ ముందు "మా తమ్ముడి కోసం" అని చెప్పుకోవడమా? ఎవరైనా నన్ను మెచ్చుకుంటే అమ్మ ఏమనేది? "అబ్బే, దానికేం వచ్చండీ, చేతకాని పిల్ల" అనేది. నిన్ను మెచ్చుకుంటే "వాడా, వాడొట్టి మొద్దు" అనేది. మనవాళ్ళను మనం తగ్గించి చెప్పుకోవాలి, పరాయివాళ్ళను పెంచి చెప్పాలి. అలాగే పెరిగాం, అలాగే ముసలివాళ్ళమయ్యాం. ఆ పిల్ల ఎవరిని గౌరవిస్తారని అడుగుతోందనుకున్నాను. గోడ మీద తడి గొడుగులని కనపడింది. పాపం ఎవరి పిల్లలో, పాడుకోవడానికి వచ్చారు. "ఈ అబ్బాయిల కోసమమ్మా" అన్నాను. ఆ పిల్ల సంతోషంగా గీత గీసింది. నేను కూడా పద్ధతిగా నడుచుకున్నానని సంతోషంగా తల వంచి లోపలికెళ్ళాను.

ఇంతకంటే తెలివితక్కువ మనిషి ఈ భూమ్మీద ఉంటుందా?

తర్వాత నువ్వు వాయించావు. మొదటి రెండు సరిగ్గా వినలేదు, నువ్వు చిక్కిపోయావని చూస్తూ ఉండిపోయాను. మూడోది మొదలుపెట్టగానే గుర్తుపట్టాను. అది నాది. నేను పెళ్ళికి ముందు పొద్దున్నే బియ్యం కడుగుతూ లోపల్లోపల పాడుకునేదాన్ని, దానికి మాటలు లేవు, పేరు లేదు. నువ్వు గడప మీద నిద్రమొహంతో కూర్చునేవాడివి. ఈ ఇంటికొచ్చాక నేనే మర్చిపోయాను. నువ్వు దాచావు. పోగొట్టుకున్నానని కూడా తెలియని వస్తువు దొరికితే మనిషికి ఎలా ఉంటుంది? ముక్కు చీదాను. జలుబు కాదు.

అయిపోగానే కమేజో వ్యాన్ వేళయింది. పైగా అందరి ముందూ నీ దగ్గరికొచ్చి ఏడిస్తే నీకు తలవంపులు. వచ్చేశాను.

నిన్న పోస్టాఫీసుకెళ్ళి కువబారా గారికి ఫోను చేశాను. జరిగింది చెప్పి, ఆ రోజు గీత ఇప్పుడు గీయమన్నాను.

"గడిచిపోయిన రోజుకు గీతలేమిటమ్మా! ఇది పాటల గది, గుడి కాదు" అంది.

"తప్పు నాదండీ, వాడిది కాదు."

"తప్పెవరిదైనా పద్ధతి ఒక్కటే. సెప్టెంబరులో ఒక సాయంత్రం ఖాళీ ఉంది. వస్తానంటే రమ్మను. ఈసారైనా నోరు విప్పి చెప్పే మనిషిని తెచ్చుకోమను."

పెట్టేసింది. మంచి మనిషిలాగే ఉంది.

ఇప్పుడు విను. వచ్చే గురువారం కమేజో మీ హాలు దగ్గరికి ఖాళీ వ్యాన్ తెస్తాడు. హార్మోనియాన్ని అందులో ఎక్కించు. సామాన్లవాడికి ఇచ్చావో, నాకు తమ్ముడు లేడు.

నీ అక్క

*

క్యోటో
మే 18

అక్కా,

మెట్ల మీద కూర్చుని చదివాను. నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, తర్వాత నాగిసాకు చదివి వినిపించాను. ఆ పిల్ల ఏడ్చింది. "నేనే ఇంకోసారి అడగాల్సింది" అంటుంది. దానికేం తెలుసు పాపం.

హార్మోనియం ఇచ్చేశాను. కమేజో దాన్ని ఖాళీ చేపల పెట్టెల మధ్య తాళ్ళతో కట్టి, "ఇది కూడా వకాసా సరుకే అన్నమాట" అన్నాడు. వ్యాన్ మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. ఇప్పుడు మెట్ల కింద ఖాళీ చోటు చూస్తే ఎవరో ఊరెళ్ళినట్టుంది.

సెప్టెంబరు సంగతి వదిలెయ్. నువ్వొచ్చి నా పేరు చెబుతావు, ఒక గీత పడుతుంది. అక్క గీత. అది కూడా ఒక లెక్కేనా? నిన్ను పక్కన పెడితే ఈ ఊళ్ళో నన్ను వినడానికి వచ్చే మనిషి లేడు, నిజం అది. పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారు, నేను ఊరవతల చెట్టుగా కూడా పనికిరాలేదు. ఇక నా పేరెత్తకు.

ఆ పాట నీకు గుర్తులేదంటే నమ్మలేకపోతున్నాను. అది తప్ప నాకు ఇంకేమీ రాదు. మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే.

సోహేయ్

*

వకాసా
జూన్ 8

తమ్ముడూ,

వానలు మొదలయ్యాయి. లక్క ఆరాలంటే గాలిలో తేమ ఉండాలి, మా పనికి ఇదే మంచి కాలం. నత్తగుల్ల ముక్కలు, గుడ్డు పెంకులు అద్ది, మీద పొర మీద పొర లక్క పూసి, చివరికి రాయితో అరగదీస్తుంటే లోపలి మెరుపు మెల్లగా బయటికొస్తుంది. ఇన్నేళ్ళు చేసినా ఆ క్షణం విసుగు రాదు.

నీ పెట్టె చేరింది. రంగుల కొట్లో పెట్టాం. అత్తగారు వచ్చి, చుట్టూ తిరిగి, "చేపల వాసన" అన్నారు. వెళ్ళిపోయారు. అంతే.

హార్మోనియం మధ్యలో ఒక మెట్టు నొక్కితే పలకడం లేదు. గాలి బుస్సుమంటుంది. నువ్వొచ్చి చూడాలి, ఇక్కడ బాగుచేసేవాళ్ళు లేరు.

ఆడవాళ్ళు ఊరుకోవడం లేదు. 'ఉప్పు స్టేషను' ఎప్పుడు చెబుతావని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు. కాబట్టి నేనే ఒక కరపత్రం రాశాను. నీ అంత బాగా బొమ్మలు రావు:

రాబోతున్నది. జూన్ 21 శనివారం, పని దిగాక, రంగుల కొట్లో. సినిమా 'ఉప్పు స్టేషను', తెర లేదు, తొమిఎ చెబుతుంది. వాద్యం సోహేయ్, క్యోటో.

ఊళ్ళో తెలిసినవాళ్ళకంతా పంచేశాను. ఇక రాకపోతే నీ ఇష్టం.

అక్క

*

క్యోటో
జూన్ 13

అక్కా,

మెట్టు బాగుచెయ్యడానికి వస్తున్నాను. అందుకే వస్తున్నాను.

నువ్వు రాసిన కరపత్రాన్ని నాగిసా మా గోడకు అతికించింది. ప్రొఫెసరు గారు నిలబడి చదివి, "తెర లేదా! దర్శకుడెవరు?" అని అడిగాడు.

సోహేయ్

*

వకాసా
జులై 3

తమ్ముడూ,

వాన తెరిపిచ్చింది. కొండలు కడిగిన బియ్యంలా తేటగా కనిపిస్తున్నాయి. నువ్వు క్షేమంగా చేరావని కమేజో చెప్పాడు.

ఆ సాయంత్రం నువ్విక్కడే ఉన్నావు, కానీ నువ్వేమీ చూడలేదు. హార్మోనియం మెట్లలోకి తల దూర్చి కూర్చున్నావు. కాబట్టి చూసినవాళ్ళం చెప్పాలి.

కథ నీకు గుర్తుండే ఉంటుంది. మంచు పట్టిన రోజున మాత్రమే రైలు ఆగే స్టేషను. స్టేషను మాస్టరు కూతురు దిగినవాళ్ళ చేతుల్లో తలా కాస్త ఉప్పు పెడుతుంది, ఎక్కడి నుంచి వచ్చారో మర్చిపోకుండా. ఆమె మాత్రం ఎన్నడూ రైలెక్కలేదు. చుట్టూ నీ వాద్యం మెల్లగా సాగుతోంది, బయట వాన. కొట్లో దీపం ఒక్కటే పెట్టాం కదా, ఆరబెట్టిన చాప్‌స్టిక్‌లు గోడ నిండా మెరుస్తున్నాయి. నాకైతే నిజంగానే మంచు కనబడింది. మాట తడుముకోలేదు. నా నోటినుంచి ఎవరో చెబుతున్నట్టుంది.

రైలు కూత వేసింది, ఆ పిల్ల చెయ్యి ఊపింది అని చెప్పానో లేదో, తలుపు అవతల దగ్గు.

అలవాటు కొద్దీ నోరు మూసుకున్నాను. నువ్వు కూడా ఆపేశావు. అప్పుడు కాగితపు తలుపు జరిగింది. అత్తగారు. దిండుతో సహా వచ్చి తలుపుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు, ఎంత సేపట్నించో.

"ఎందుకాపావు?"

"మీరు దగ్గారని..."

"ముప్ఫై ఏళ్ళుగా దగ్గుతూనే ఉన్నాను, వినబడటం లేదు గట్టిగా చెప్పమని! నువ్వేమో దగ్గినప్పుడల్లా ఆపేస్తావు. ఆ పడవ ఎక్కిన పిల్ల ఏమైందో నాకిప్పటికీ తెలియదు."

అందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వుకే నువ్వు తలెత్తావు. ఆ తర్వాత ఆవిడ, "ఈ పిల్లనైనా రైలెక్కించు. ఎన్నాళ్ళు నిలబడుతుంది అక్కడ?" అన్నారు. ఎక్కించాను. కథ అలా ఉండాలని అనుకోలేదు. నువ్వు మన పాట ఎత్తుకున్నావు, ఆ పాట మీదే ఎక్కించేశాను.

ఇక నీకు తెలియనిది. నువ్వు హార్మోనియం మూత వేస్తున్నావు. మా చాప్‌స్టిక్‌లు కొనడానికి ఒసాకా నుంచి వచ్చిన టోకు వ్యాపారి ఉన్నాడు కదా, కళ్ళు తుడుచుకుంటూ, "ఎవరండీ వీళ్ళు? ఎక్కణ్ణుంచి పిలిపించారు?" అన్నాడు. 'అబ్బే, ఏదో చేతకాని వేషాలు' అన్న మాట నా పెదవుల మీదకు అదంతటదే వచ్చేసింది. అంతలో అత్తగారు అందుకున్నారు.

"పిలిపించడమేమిటి? ఆవిడ నా కోడలు. ఆ అబ్బాయి దాని తమ్ముడు. ఇద్దరూ మావాళ్ళే. ఇలా చెప్పేవాళ్ళూ ఇలా వాయించేవాళ్ళూ మీ ఒసాకాలో లేరు."

పరాయివాడి ముందు! తలెత్తి! ఈ ఇంట్లో ఎవరూ ఎవరి గురించీ ఇలా అనగా నేను వినలేదు. ఆ వ్యాపారి మూడుసార్లు వంగి నమస్కారం పెట్టాడు. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని నిలబడ్డాను. సంతోషమే రా. సంతోషానికి కూడా ఎక్కడో నిలబడాలి కదా.

అందరూ వెళ్ళాక ఆవిడకు నీ ఏప్రిల్ సంగతంతా చెప్పాను, తలుపు దగ్గర ప్రశ్నతో సహా. విని, "మోకాలి డాక్టరు దగ్గరకెళ్ళినదానివి కళ్ళు వాచి వచ్చావు. అప్పుడే అనుకున్నాను" అన్నారు.

మర్నాడు బస్సు దగ్గర నువ్వు "సెప్టెంబరుకు రాస్తానులే కువబారా గారికి" అన్నావు. ఇంకోవైపు చూస్తూ అన్నావు గానీ, అన్నావు. ఇంటికొచ్చి అత్తగారికి చెప్పాను. ఆవిడ పులుసు గిన్నె కింద పెట్టి, "రెండు సీట్లు చెప్పు" అన్నారు.

"కొండదారి, చేపల వ్యాన్... మీరెక్కడ కూర్చుంటారు అత్తయ్యా?"

"నువ్వెక్కడ కూర్చున్నావో అక్కడే. ఇంకో మాట. తలుపు దగ్గర ఆ పిల్ల అడిగినప్పుడు నువ్వు నోరు మెదపకు. నీకు చేతకాదు. నేను చెబుతాను."

కాబట్టి ఈసారి అక్క గీత కాదు నీకు పడేది. రాసెయ్ కువబారా గారికి, ఆలస్యం చెయ్యకు. నాకిప్పుడు ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు, తలుపు అవతల ఆవిడ పొద్దుటి నుంచి చదువుకునే పిల్లలా అప్పజెప్పుకుంటున్నారు. ఆవిడకు వినబడదు కాబట్టి గట్టిగానే అంటున్నారు. "సోహేయ్ కోసం వచ్చాను. క్యోటో సోహేయ్. మా సోహేయ్ కోసం వచ్చాను."

నీ అక్క,
తొమిఎ